సగం దాటిన పూల్

“వదినా, యాభై దాటేశాం!” అంటూ మరిది కుర్చీలోంచి లేచి గంతేశాడు.

వదిన పరుగున వచ్చి తెర చూసింది. యాభై ఒక్క శాతం. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

వాళ్ళు పనిచేసేది ఓ చిన్న డిజిటల్ నాణెం కోసం. దాని లెక్కలన్నీ రాసేది దేశదేశాల్లోని కంప్యూటర్లు. ఇచ్చిన చిక్కు లెక్కను ముందు విప్పినవాళ్ళకే తర్వాతి పేజీ రాసే హక్కు, దానికి కూలీగా కొత్త నాణేలూ. ఒంటరిగా విప్పలేనివాళ్ళు తమ మెషీన్లను ఒక జట్టుగా కలుపుకుంటారు. అలాంటి జట్టు ఒకటి వదిన నడుపుతోంది. దాన్నే పూల్ అంటారు. సభ్యుల ఫిర్యాదులకు జవాబులిచ్చే పని మరిదిది.

“సంబరపడాల్సింది పోయి ఆ మొహమేంటి వదినా?”

“మొత్తం బలంలో సగానికి పైగా మన దగ్గరే ఉందయ్యా. కావాలంటే నిన్న రాసిన పేజీలు చింపేసి తిరగరాయొచ్చు. ఖర్చుపెట్టిన డబ్బు మళ్ళీ జేబులో వేసుకోవచ్చు.”

“ఒక్కసారి చేసి చూద్దామా? సరదాకే!”

వదిన చూసిన చూపుకి అతను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

ఇంతలో ఫోన్. సైకిళ్ళ షాపు బాబాయి. మొదట్నుంచీ సైకిళ్ళకి ఆ నాణెం పుచ్చుకుంటున్న మనిషి.

“అమ్మాయ్, మీకు సగం దాటిందటగా? పొద్దుట్నుంచి ఈ నాణెం ఎవరూ ముట్టుకోవట్లేదు. ఉన్నదంతా అందులోనే పెట్టాను. షాపు ముందు ‘ఈ నాణెం తీసుకుంటాం’ అన్న బోర్డు పీకేయమంటావా?”

“నేనలాంటిదాన్ని కాదు బాబాయ్. నా మీద నమ్మకం లేదా?”

“నీ మీద ఎందుకుండదమ్మా! కానీ ఎవర్నీ నమ్మక్కర్లేదనే కదా నేనీ నాణెం పుచ్చుకుంది!”

వదిన తెర మీది అంకె వైపు చూసింది. “సాయంత్రానికి దించేస్తాను” అని ఫోన్ పెట్టేసింది.

ముందు సభ్యుల సంపాదనలో తను తీసుకునే కమిషన్ రెట్టింపు చేసింది. ఒక్కరూ కదల్లేదు. ఇక లాభం లేదని సభ్యులందరికీ సందేశం పెట్టింది: ‘ఇంత బలం ఒక్కచోట ఉండటం ఎవరికీ మంచిది కాదు. దయచేసి సగంమంది వేరే పూల్స్‌కి వెళ్ళిపోండి.’

జవాబులు వెల్లువెత్తాయి. ‘ఇంత నిజాయితీ ఇంకెక్కడ దొరుకుతుంది అక్కా! చచ్చినా వదలం!’ ఆ సందేశం చూసి పక్క పూల్స్ వాళ్ళు కూడా వచ్చి చేరారు. యాభై ఒకటి కాస్తా యాభై ఎనిమిదయింది.

“మెడపట్టి గెంటెయ్యరాదూ?” అన్నాడు మరిది.

“కనెక్షన్ కోస్తే వాళ్ళ మెషీన్లన్నీ వాటంతటవే గుంపుగా మన తర్వాత పెద్దదైన పూల్‌ మీద పడతాయి. అప్పుడు సగం వాడి చేతికి పోతుంది. ఎవరికి వాళ్ళు ఆలోచించుకుని తలో దిక్కుకీ పోవాలి.” ఆమె బల్ల మీద తల వాల్చేసింది.

మరిది కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. ఇందాకటి సరదా ఎటుపోయిందో! “నువ్వెళ్ళి మొహం కడుక్కునిరా వదినా. ఈలోగా నేనో ముక్క రాసి చూస్తా.”

ఆమె తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చేసరికి అంకె యాభై రెండు. కళ్ళు నులుముకుని చూసింది. నలభై ఏడు. నలభై. ఇంకా జారుతూనే ఉంది. వెళ్ళినవాళ్ళు తలోచోటా సర్దుకున్నారు. ఏ పూల్‌కీ సగం దరిదాపుల్లో లేదు.

మళ్ళీ ఫోన్. “చూశానమ్మా, చూశాను! బోర్డు అలాగే ఉంచేస్తున్నా!” బాబాయి గొంతులో ప్రాణం లేచొచ్చింది.

వదిన గుండెల నిండా గాలి పీల్చుకుని కుర్చీలో కూలబడింది. నవ్వొస్తోంది, కళ్ళమ్మట నీళ్ళూ వస్తున్నాయి.

“నేను కాళ్ళావేళ్ళా పడ్డా కదల్లేదు కదయ్యా! ఇంతకీ ఏం రాశావు?”

మరిది బుర్ర గోక్కుంటూ తెర ఆమె వైపు తిప్పాడు.

‘అక్క సెలవులో ఉన్నారు. ఈ క్షణం నుంచి పూల్ తాళాలన్నీ నా చేతిలోనే. ఇట్లు, మీ అక్క మరిది.’