అరిగిన బందు

“ముందు మీరు తాగండి,” అంది భార్య, రెండు గ్లాసుల్లో నిండుగా ఉన్నదాన్ని మేస్త్రి ముందుకి జరుపుతూ.

“ఆపరేషన్ నీకా, నాకా?”

“నాకే. సుద్ద కలిపిన నీళ్ళలా ఉన్న ఈ పొడిని ఒక్కదాన్నే మింగలేను. మీరు తాగితే నేనూ తాగుతా. లేదంటే ఈ మోకాళ్ళతోనే దేకుతా.”

మేస్త్రి ముక్కు మూసుకుని గటగటా తాగేశాడు. ఆవిడ మాత్రం కషాయం తాగినట్టు ఒక్కో గుక్కకీ మొహం చిట్లించింది.

మేస్త్రి వడ్రంగి. ఆ వీధిలో సగం తలుపులు ఆయన చేతుల మీదుగా లేచినవే. తుంటి పట్టేశాక చిత్రిక పట్టడానికి నిలబడలేక, స్టూలు మీద కూర్చుని చిన్నాచితకా పనులతో సరిపెట్టుకుంటున్నాడు. తుంటి మార్చాలని డాక్టరమ్మ అంటే, “నాతో పుట్టింది, నాతోనే పోతుంది” అని కర్ర పుచ్చుకుని లేచి వచ్చేశాడు. ఇంట్లో మళ్ళీ ఆ ఊసెత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అంతటివాడూ, పెళ్ళాం మోకాళ్ళు పట్టుకుని మంచం మీద కూలబడిన రోజున బెంబేలెత్తిపోయాడు. ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చింది కోడలే.

“కీలు మార్చాలట మామయ్యా. కానీ రక్తంలో ప్రొటీన్ తక్కువగా ఉంది, ఇప్పుడే కోస్తే గాయం త్వరగా మానదన్నారు. ముందు ఒంట్లో బలం చేరాలి, తొడల్లో కండ రావాలి. అందుకే ఈ పొడి, గుడ్లు, కాస్త వ్యాయామం,” అని చెప్పి కోడలు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అత్తగారి మీద బెంగతో కళ్ళనీళ్ళు దాచుకుంటోందని మేస్త్రి జాలిపడ్డాడు.

ఆ రోజు నుంచి ఆయనకి అదే ధ్యాస అయిపోయింది. ఆవిడ గుడ్డు వద్దంటే తనూ ఒకటి తిని చూపించేవాడు. కుర్చీలో కూర్చుని, మడమకి ఇసుక సంచి కట్టుకుని కాలు పైకెత్తే వ్యాయామం ఉంది. అదీ మొదట ఆయన చేస్తేనే ఆవిడ చేసేది.

“ఇంకా పైకి,” అనేది ఆవిడ. “మీరే అంత ఎత్తితే నేనెంత ఎత్తుతాను?”

“నోరు మోకాళ్ళలా అరగలేదు నీకు,” అని విసుక్కుంటూనే ఎత్తేవాడు.

ఓ పొద్దున పొడి డబ్బా బీరువా నెత్తిన కనిపించింది.

“అంత పైన ఎవరు పెట్టారే?”

“కోడలే అయ్యుంటుంది.”

“కుర్చీ ఎక్కి తీయబోయేవు. పడితే అంతే సంగతులు.”

“నాకా పిచ్చి?” అంది ఆవిడ, మోకాలు నిమురుకుంటూ.

రక్త పరీక్ష రోజున ఆవిడ సూదంటే భయమని మొరాయించింది. మేస్త్రి చొక్కా చెయ్యి మడిచి, ముందు తన రక్తం తియ్యమన్నాడు. తీసిన అమ్మాయి రెండు సీసాలకీ చీటీలు అంటించి పట్టుకుపోయింది.

డాక్టరమ్మ తేల్చి చెప్పే రోజు వచ్చింది. వరండాలో ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుంది. మేస్త్రి కర్ర మీద వాలి పక్కనే నిలబడ్డాడు. ఆవిడకి ఏమైనా అయితే తనకెవరు దిక్కన్న దిగులు లోపల తొలుస్తూనే ఉంది. పైకి మాత్రం ధైర్యం చెబుతున్నాడు.

“ఏమండీ, భయంగా ఉంది. ఇంటికెళ్ళిపోదామా?”

“పిచ్చిదానా, బందు అరిగితే తలుపు కిర్రుమంటుంది. తలుపుని అవతల పారేస్తామా? బందు మారుస్తాం. ఇదీ అంతే. నిద్రపోయి లేచేసరికి అయిపోతుంది.”

“బందు మార్చాక తలుపు బాగా పనిచేస్తుందంటారా?”

“నా బతుకంతా చూసింది అదేగా. పాత తలుపు కూడా కొత్తదానిలా తిరుగుతుంది. భయపడి వాయిదా వేసేవాడంత తెలివితక్కువవాడు ఉండడు.”

పక్కన కోడలు దగ్గింది.

డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. భార్య మోకాలు ఓసారి వంచి చూసి వదిలేసింది. “మీరూ తోడుగా చేశారటగా, ఏదీ చూపించండి,” అని మేస్త్రిని బల్ల మీద కూర్చోబెట్టి, కాలెత్తించి, తొడ నొక్కి చూసింది. మేస్త్రి పళ్ళు బిగపట్టి గర్వంగా ఎత్తాడు.

“చాలా బాగుంది,” అంది డాక్టరమ్మ. “ప్రొటీన్ పెరిగింది, కండ కూడా పట్టింది. ఇక ఆపరేషన్‌కి ఢోకా లేదు. మత్తు డాక్టరు ఓసారి చూస్తే చాలు. కానీ ఇంతా చేశాక, చివర్లో పేషెంటు మనసు మార్చుకోకూడదు.”

మేస్త్రికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళు మింగిన సుద్దనీళ్ళకి ఫలితం దక్కింది.

“ఆ పూచీ నాది డాక్టరమ్మా,” అన్నాడు. “మా ఇంట్లో మాటిచ్చి వెనక్కి తగ్గేవాళ్ళెవరూ లేరు.”

“అందరి ముందూ అంటున్నారు మరి,” అంది భార్య.

“వెయ్యిమంది ముందైనా అంటాను.”

లోపలికి తీసుకెళ్ళడానికి ఆసుపత్రి మనిషి వచ్చి నిలబడ్డాడు. “పేషెంటు సిద్ధమేనాండీ?”

“సిద్ధం,” అన్నాడు మేస్త్రి గట్టిగా.

భార్య ఎక్కడా చెయ్యి ఆనించకుండా చివ్వున లేచి, ఖాళీ కుర్చీని ఆయన వైపు తిప్పి, “అయితే కూర్చోండి,” అంది.