లైబ్రరీ అమ్మ

నీరజాక్షి ప్రతి గురువారం కూతురు లిఖిత చదివే బడికి వెళ్లి, లైబ్రరీలో చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించేది. జీతం లేదు. పిల్లలు ఒళ్లోకి ఎగబడటమే ఆమెకు పదివేలు. రెండు నెలలయ్యాక బడివాళ్లు ఆమె గొంతును లైబ్రరీలోని మాట్లాడే పెట్టెల్లోకి ఎక్కిస్తామన్నారు; ఇక ఆ పెట్టెలు ఏ కథైనా, ఏ మాటైనా అచ్చం ఆమెలాగే పలుకుతాయట. అప్పటికి అన్ని బళ్లలోనూ జరుగుతున్నదే కనుక, ఆమె మురిసిపోయి సంతకం పెట్టింది.

మరుసటి గురువారం హెడ్‌మిస్ట్రెస్ ఆమెను గుమ్మంలోనే ఆపింది.

"ఇక మీకు శ్రమెందుకండీ? రోజంతా మీరే చదువుతున్నారుగా!"

లోపల పిల్లలు పెట్టెల చుట్టూ మూగి ఆమె గొంతే వింటున్నారు. వాళ్లలో ఉన్న లిఖిత తలెత్తి కూడా చూడలేదు.

సాయంత్రం ఇంట్లో నీరజాక్షి కథల పుస్తకం తెరిచింది. రెండు వాక్యాలకే లిఖిత చెవులు మూసుకుంది.

"నువ్వొద్దమ్మా. మధ్యలో దగ్గుతావు, పాలు పొంగుతున్నాయని లేచిపోతావు. లైబ్రరీ అమ్మ ఎక్కడికీ వెళ్లదు."

"అది నా గొంతేనే, పిచ్చిపిల్లా!"

"కాదు. ఆ అమ్మ విసుక్కోదు."

మర్నాడు నీరజాక్షి బడికెళ్లి తన గొంతు తీసేయమని బతిమాలింది.

"పిల్లలు ఏడుస్తారండీ. కావాలంటే మీరూ ఒకటి పట్టుకెళ్లండి," అంటూ హెడ్‌మిస్ట్రెస్ ఓ పెట్టెను ఆమె చేతిలో పెట్టింది.

ఇంట్లో, ఇక లైబ్రరీకి వెళ్లొద్దని అమ్మ అన్నందుకు అలిగి లిఖిత పొద్దుటినుంచీ అన్నం ముట్టలేదు. చేసేదిలేక నీరజాక్షి పెట్టెను కంచం పక్కన పెట్టింది.

"ఆఁ అను బంగారూ," అంది పెట్టె.

లిఖిత నోరు తెరిచింది. నీరజాక్షి ముద్ద పెట్టి, "కూర బాగుందా?" అని అడగబోయింది.

"ష్! అమ్మ మాట్లాడుతోంది," అంది లిఖిత.

నీరజాక్షి ఇంకో ముద్ద కలిపింది.