చెత్త సేనాపతికి శిక్ష

చెన్నకేశవులు మాస్టారు న్యాయనిర్ణేత కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ల సంఘం హాలు. ఆదివారం పొద్దున్నే వక్తృత్వ పోటీ. విషయం ఆయన ఇచ్చిందే: లోకంలో జరిగిన అంతర్యుద్ధాల్లో గొప్ప సేనాపతి ఎవరు, పరమ చెత్త సేనాపతి ఎవరు? మెలిక కూడా ఆయన పెట్టిందే. చివర్లో న్యాయనిర్ణేత చెత్త సేనాపతికి శిక్ష ప్రకటించాలి. చచ్చినవాడికి శిక్షేమిటని ఎవరో నవ్వితే, "చరిత్రలో ఎవడూ తప్పించుకోకూడదయ్యా" అని కసిరారు.

ఆయన రిటైరైన చరిత్ర మాస్టారు. మనవరాలు లిఖిత కూడా పోటీలో ఉంది. సంఘం కార్యదర్శి వాసుదేవ్‌కి అదే బెంగ.

"మాస్టారూ, సొంత మనవరాలు కదా... రేపెవరైనా వేలెత్తి చూపిస్తే?"

"నా తీర్పు దగ్గర చుట్టరికాలు చెల్లవయ్యా. తప్పు చేస్తే తోడబుట్టినవాడైనా ఒకటే."

పోటీ మొదలైంది. ఒక్కడికీ మనిషి ప్రాణమంటే లెక్కలేదు. కాలేజీ కుర్రాడు చిట్టిబాబైతే వేదిక మీద ఎగిరెగిరి పడ్డాడు.

"అమెరికా అంతర్యుద్ధంలో ఒక జనరల్ ఉన్నాడు సర్‌జీ! దారి పొడుగూ పంటలు, రైలు పట్టాలు, ఊళ్లు, అన్నీ జలాయించేసి, బుగ్గి చేసి సముద్రం దాకా పోయాడు. ఏక్‌దమ్ మాస్! నంబర్ వన్ ఆడే!"

"ఆ ఊళ్లలో పసిపిల్లలుంటారు కదరా?" మాస్టారు అడ్డుతగిలారు.

"యుద్ధమంటే అంతే కదా సర్‌జీ. చల్తా హై."

జనం ఈలలు వేశారు. తర్వాత వచ్చిన బేబీరాణి భీష్ముణ్ణి ఆకాశానికెత్తింది. మనవళ్లు ఎదురుగా ఉన్నా రోజుకి పదివేలమందిని కూల్చాడట, డ్యూటీ అంటే అదట.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. చంపినవాళ్ల లెక్కతో గొప్పతనం తూస్తారా? వీళ్లని కాదు, వీళ్లకి చదువు చెప్పినవాళ్లని అనాలి.

ఆఖరున లిఖిత వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. చేతిలో కాగితం లేదు.

"గొప్ప సేనాపతి నాకెవరూ దొరకలేదు సర్. చెత్త సేనాపతి మాత్రం దొరికాడు."

హాలంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

"ఒకే వంశం. అన్నది ఒక కోట, తమ్ముడిది ఒక కోట. జానెడు నేల దగ్గర యుద్ధం రాజుకుంది. అన్న బాగా చదువుకున్నవాడు. కత్తి పట్టలేదు. తమ్ముడి కోటలోకి నీళ్లు వెళ్లే తూము మూయించాడు. లోపల తమ్ముడి కోడలు పచ్చిబాలింత. ఎండలో కడవ పట్టుకుని ఊరవతలికి నడిచేది. పసిగుడ్డు ఏడుపు రెండు కోటల్లోనూ వినిపించేది. నిద్ర చెడుతోందని సేనాపతి కిటికీలు మూయించుకున్నాడు. ఇంటి ఆడవాళ్లు చాటుగా ఒక కడవ పంపబోతే కాలితో తన్నేశాడు."

"ఛీ!" మాస్టారి నోట్లోంచి వచ్చేసింది.

అది ఏ దేశపు యుద్ధమో, ఎప్పటిదో ఆయనకు తట్టలేదు. అడగొచ్చు. కానీ జీవితమంతా చరిత్ర చెప్పినవాడు తెలియదని పదిమందిలో అడుగుతాడా? ఎప్పుడో చదివినట్టే గంభీరంగా తలాడించారు.

"ఓలమ్మ! మరా బిడ్డేటైపోనాదే?" ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లొత్తుకుంది.

లిఖిత మాస్టారి వైపే చూస్తూ నిలబడింది.

"శిక్ష మైకులో చెప్పండి సర్. అందరికీ వినపడాలి."

మాస్టారు లేచి మైకు అందుకున్నారు. అసహ్యంతో పెదవి అదురుతోంది.

"అమెరికావాడు శత్రువని తగలబెట్టాడు. వీడు సొంత తమ్ముడింటి పసిగుడ్డు నోట మట్టి కొట్టాడు. ఇంతకన్నా నీచుణ్ణి నేను చూడలేదు. పైగా చదువుకున్నవాడట, థూ! వీడికి ఉరి కూడా గౌరవమే. వీడు తన చేత్తోనే ఆ తూము తెరవాలి. తర్వాత బిందె భుజాన పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా తమ్ముడి గుమ్మానికి నీళ్లు మోయాలి. ఆ బాలింత చాలు అనేదాకా మోయాలి!"

చప్పట్లతో హాలు రేకులు అదిరాయి. మొదటి బహుమతి లిఖితకే ప్రకటించారు. మనవరాలని ఒక్కరూ వంక పెట్టలేదు. వాసుదేవ్ కప్పు తెచ్చి చేతికివ్వబోతే లిఖిత అందుకోలేదు. మైకు దగ్గరికి జరిగింది.

"తీర్పుకి తిరుగులేదు కదా సర్?"

"చెన్నకేశవులు మాట మార్చడం ఈ దీవుల్లో ఎవరైనా చూశారా?"

"అయితే పదండి తాతయ్యా," మైకు వదలకుండానే అంది లిఖిత, "బాలింత మంజు పిన్ని వాళ్లింటికి వెళ్లే నీళ్ల పైపుకి మీరు వేసిన తాళం తీసి, చిన్నతాతయ్య గుమ్మంలో మొదటి బిందె దించుదురుగాని."