ఎర్తు గుంట

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

"తవ్వు కుప్పా! అందరూ చూడనీ!" అని అరిచింది ఇంటామె.

పుదుచ్చేరి కోసపాళయంలోని ఆ ఇంటి పెరట్లో ఇరుగుపొరుగు చేరారు. మేడగదిలో అద్దెకుంటున్న యానాం అమ్మాయి నాగకుమారి, ఆఫీసు నుంచి వచ్చిన చీరతోనే ఒక పక్కగా నిలబడింది.

కూలికి వచ్చిన కుప్పన్ గడ్డపార వేశాడు. రాగి కడ్డీ బయటపడింది. దాని చుట్టూ బొగ్గులు, రాళ్ళుప్పు.

"చూస్తిరా? ఈ మేడమీది పిల్ల దినామూ దీనికి నీళ్ళు పోస్తాది. ఇది పాతినప్పటినించీ నా తలనొప్పి విడవలా. చేతబడి గాక ఏంది ఇది?"

"రేడియో కోసమండి, పిన్నిగారూ! లాంగ్‌వేవ్ రేడియో తరంగాలకి వందల మీటర్ల తీగ కట్టాలి. మన మేడ మీద అంత చోటెక్కడుందండి? అందుకే బకెట్టుకి తీగ చుట్టి కాయిల్ చేశాను. ఏరియల్ తీగ పొట్టిదైతే నేలలోకి దింపే ఎర్తు బాగుండాలి. ఉప్పూ బొగ్గూ నేలలో తడి నిలబెడతాయండి. ఈ మాట ఆఫీసుదాకా వెళ్తే నా పరువేం కాను?"

నాగకుమారి రేడియో లైసెన్సు కాగితం చూపించింది. ఎదురింటి రంగనాథం కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు.

"సర్కారు ముద్ర ఉండాది. మా అంగట్లో కరెంటు పెట్టినప్పుడూ ఇట్లే ఉప్పు, బొగ్గు ఏసినారు. అయితే మా అంగడికీ చేతబడేనా అక్కా?"

అందరూ ఘొల్లుమన్నారు.

"పాపం, ఆ పిల్లకు కాఫీ అన్నా ఇయ్యక్కా!" అంది పక్కింటి కళైసెల్వి.

ఇంటామె తలెత్తలేదు. "ఇంకో రెండు పోట్లు ఎయ్" అంది కుప్పన్‌తో, నెమ్మదిగా.

బొగ్గుల కింద నుంచి ఎర్రగుడ్డ మూట వచ్చింది. విప్పితే నిమ్మకాయ. ఒళ్ళంతా గుండుసూదులు.

నవ్వులు ఆగిపోయాయి.

"ఇదీ రేడియోకేనామ్మా?" అన్నాడు రంగనాథం.

"నాది కాదండి... మా అమ్మ మీద ఒట్టండి..."

కళైసెల్వి తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత నాగకుమారితో ఎవరూ మాట్లాడలేదు. మూడోనాడు ఆ అమ్మాయి మేడమీది తీగ తనే విప్పి చుట్టుకుని, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

ఉప్పూ బొగ్గూ చూపితే జనం నమ్మరేమోనని, ముందురోజు మధ్యాహ్నం నాగకుమారి ఆఫీసులో ఉండగా, ఆ మూటను ఇంటామే అక్కడ పాతిపెట్టింది. ఆ ఇంటామెను నేనే: విశాలాక్షి, వయసు డెబ్బై ఒకటి, ఇప్పుడు ఉంటున్నది నటేశన్ నగర్, పుదుచ్చేరి.