తాళ్లు, అట్టలు

మగ్గం పక్కన వేలాడే నూలు తాళ్లన్నీ లక్ష్మీనరసమ్మ వేళ్లకు తెలుసు.

ఆమె ఒక తాడు లాగితే కొన్ని పట్టు పోగులు పైకి లేస్తాయి. ఆ సందులోంచి మొగుడు శ్రీరంగప్ప జరీ కండె తోస్తాడు. మళ్లీ ఇంకో తాడు. అలా చీర అంచు మీద నెమళ్లు పుడతాయి.

ధర్మవరంలో అందరూ అలాగే నేసేవాళ్లు, యాభై ఎనిమిదిలో అట్టల మిషను వచ్చేదాకా.

అట్టకు చిల్లులు కొడితే చాలు. ఏ పోగు లేవాలో ఆ చిల్లులే చెబుతాయి. తాళ్లు అక్కర్లేదు, లాగే మనిషీ అక్కర్లేదు.

"మిషను పెట్టినోళ్లకే ఇంక పట్టు ఇచ్చేది" అన్నాడు శావుకారు హనుమంతరాయుడు.

ఆ ఏడు వాన లేక శెనక్కాయ కూడా ఎండిపోయింది. పట్టు దొరక్కపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

"కొత్త నీళ్లొస్తే పాత నీళ్లు పోవాల్సిందే కదప్పా" అన్నాడు శ్రీరంగప్ప. నీళ్లే లేని ఊళ్లో ఈ సామెతకు మాత్రం కరువు లేదు.

అట్టలు కొట్టడానికి జిలాన్ బాషా వచ్చాడు. నెమళ్ల అంచు ఏ కాగితం మీదా లేదు. అది తాళ్లలో ఉంది, ఆ తాళ్ల వరస ఆమెకే తెలుసు.

"నువ్వు లాగక్కా. లేసిన పోగులు చూసి నేను చిల్లు కొడతా."

ఆమె లాగింది. అతను కొట్టాడు.

తన పనిని తన చేత్తోనే అప్పజెబుతున్నానని ఆమెకు తెలుసు. ఒకచోట చెయ్యి ఆగింది. ఇక్కడ వేరే తాడు లాగితే నెమలి మెడ విరుగుతుంది. మిషను పరువు పోతుంది.

"ఏమక్కా, ఆగినావు?"

ఆమె సరైన తాడే లాగింది. తప్పు లాగడం ఆ చేతికి రాలేదు.

అట్టలన్నీ వరసగా కుట్టి మిషనుకు ఎక్కించారు. పాత తాళ్లు కోసేశారు. శ్రీరంగప్ప ఒక్కడే కూర్చుని కాలితో మిషను తొక్కాడు. నెమళ్లు వచ్చాయి, ఒక్క ఈక తేడా లేకుండా.

"ఇంక నువ్వు సుఖంగా కూచోమే!" అన్నాడు పెళ్లాంతో, పొంగిపోతూ.

ఎక్కడ కూర్చోవాలో తెలియక ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

చూడ్డానికి వచ్చిన శావుకారు అంచు వైపు ఒకసారి చూశాడు. తర్వాత శ్రీరంగప్ప కాళ్ల వైపు చాలాసేపు చూశాడు.

"బాషా, ఆ తొక్కేదానికి కూడా ఏమన్నా మిషను వచ్చిండాదా?"