గాలి విడిచిన చోటు

ఇట్టా దగ్గరగా జరిగి కూర్చోండి నాయనా, గట్టిగా చెప్పే సంగతి కాదిది.

"కొలత ఒకటి చెప్తే నీ లెక్క ఇంకొకటి చెప్తాండాది. తలొంచాల్సింది ఏదమ్మా?" అన్నాడు దేవనాథన్.

తిరుపతిలో, కొండ కనబడే కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చున్న కమలిని తెర మీది తన లెక్కను మళ్ళీ మొదటి నుంచి చూసుకునింది. దేవనాథన్ ఆమెకు పై ఆఫీసరు. వాళ్ళ కంపెనీ కొత్తగా చిన్న విమానమొకటి కట్టింది, దాదాపు శబ్దమంత వేగంగా పోయేది. దాని రెక్క మీద గాలి ఎట్టా నడుస్తాదో కంప్యూటరులో లెక్కేసి చెప్పడమే కమలిని పని. శుక్రవారం దాన్ని మొదటిసారి పూర్తి వేగంతో ఎగరేయాల.

ఆ లెక్క ఏమిటంటారా? రెక్కను ఒరుసుకుని పరిగెత్తే గాలి, వేగం పెరిగి పెరిగి, ఒకచోట గోడకు కొట్టుకున్నట్టు టక్కున తగ్గుతాది. దర్శనం క్యూలో ముందర గేటేసేస్తే, ఎనక తోసుకొచ్చే జనం వరస విడిచి అడ్డదిడ్డంగా తిరుగుతారే, అచ్చం అట్టా ఆ దెబ్బకు గాలి రెక్కను విడిచేసి సుళ్ళు తిరుగుతాది. విడిచిందా, రెక్కకు పట్టు పోయినట్టే. కంప్యూటరు ఆ గాలినంతా గళ్ళుగళ్ళుగా కోసి ఒక్కో గడినీ లెక్కేస్తాది. పోయినేడు కమలిని పెద్ద గళ్ళతో వేస్తే గాలి అంటుకునే ఉన్నట్టు వచ్చింది. ఈసారి గళ్ళు సన్నం చేసేసరికి విడిచేస్తాండాది.

"బియ్యం భూతద్దంలో చూస్తే అన్నీ రాళ్ళే కనిపిస్తాయి" అని ఎత్తిపొడిచినాడు దేవనాథన్. ఇంకో ఊర్లో, గాలి సొరంగంలో రెక్క బొమ్మను నిలబెట్టి, నిజం గాలినే ఊది కొలిచినారు. కొలిచిన మునిశేఖర్ కాణిపాకం పక్కవాడు, కమలినిని నోరారా అక్కా అని పిలిచే మనిషి. అతను పంపిన గీతలో గాలి రెక్కను యాడా విడవలేదు.

ఆ ఒక్కచోట మళ్ళీ కొలిపించండి సార్ అని కమలిని బతిమాలింది. సొరంగం వేరేవాళ్ళకు ఇచ్చేసినారు, ఇప్పట్లో కుదరదన్నాడాయన. ఆ పనిలో ఉండేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండాది. కొలతకూ లెక్కకూ పొసగకపోతే లెక్కనే సవరించుకోవాల. సుళ్ళ బలమెంతో ఎవరికీ సరిగ్గా తెలియదు గనక లెక్కలో దానికి కొన్ని అంకెలు ఊహించి పెడతారు. కమలిని వాటినే అటూ ఇటూ జరిపింది. తెర మీద ఎర్రగా లేచిన సుళ్ళన్నీ అణిగిపోయి, గాలి బుద్ధిగా రెక్కను కరుచుకునింది.

గురువారం సాయంత్రం, విమానం నడపబోయే జయచంద్ర వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడినాడు.

"అక్కా, నీకేదో అనుమానం ఉండాదంట. సారును అడిగితే కాగితం చూపిస్తాడు. నువ్వు నోటితో చెప్పు. పోనా, వద్దా?"

కమలిని మునిశేఖర్ పంపిన గీతను తెర మీదికి తెచ్చుకునింది. తనది ఎంతైనా లెక్క. ఆడ నిజం గాలి ఊది కొలిచినారు.

"కొలత బాగుండాది. పోయిరా" అనింది.

"అట్టయితే పొద్దున ఇంకో ఇడ్లీ ఎక్కువే తిని పోతాలే" అని నవ్వుకుంటా పోయినాడు.

శుక్రవారం ఆ వేగం అందుకున్నాడో లేదో రెక్క వణికింది. విమానం పక్కకు ఒరిగి, తిరగబడి, నేలకొచ్చేసింది. జయచంద్రను పెట్టెలో ఇంటికి తెచ్చినారు గానీ మూత తీయనియ్యలేదు. విమానంలోని యంత్రం దాచుకున్న వివరం విప్పి చూస్తే, గాలి రెక్కను విడిచింది కమలిని సన్నగళ్ళ లెక్క చూపించిన చోటే. ఆ పొద్దు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. నా లెక్క నిజమైతే, నిజం గాలి ఎట్టా అబద్ధం చెప్పిందని ఒకటే గొణుక్కుంటా ఉండేది.

దినం నాడు తిరుచానూరులో జయచంద్ర ఇంటికి పోయింది. వాళ్ళమ్మ దేవకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, నీ మాట విన్నాకే నా బిడ్డ ఆ రాత్రి నెమ్మదిగా నిద్రపోయినాడమ్మా అనింది. కమలిని ఇంక ఆడ కూర్చోలేక వాకిట్లోకి వచ్చేసింది. సావు మాట విని వచ్చిన మునిశేఖర్ కూడా ఆమె ఎనకాలే వచ్చినాడు.

ఈ కథ మరిచిపోవద్దు నాయనా. ఇంకొకరికి చెప్పేటప్పుడు ఏది వదిలేసినా పర్వాలేదు, వాకిట్లో చెప్పుల మధ్య నిలబడి మునిశేఖర్ ఆమెను ఓదార్చిన మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి:

"కుమిలిపోవద్దక్కా, నీ తప్పేం లేదు. ఆ చోట మా సెన్సరు ముందే పాడైపోయింది, మేము కొలవనే లేదు. నీ మీద నమ్మకంతో నీ పోయినేటి లెక్క అంకెలే ఆడ పెట్టేసినాం."