ఏ నెగటివ్?

మూడు నెలల నాటి పరీక్ష చీటీని ల్యాబు బల్ల మీద విసిరికొట్టింది చెల్లెలు.

"నెగటివ్ అన్నావు కదన్నయ్యా! మరి మా ఆయన నెత్తురు కక్కుతున్నాడేం?"

ల్యాబులో పనిచేసే అన్న తల దించుకున్నాడు. "అది కరోనా నెగటివమ్మా. క్షయ పరీక్ష చేసే మిషన్ని అప్పుడు కరోనా పరీక్షలకి లాగేసుకున్నారు."

"మరి క్షయ పరీక్షకని ఇచ్చిన ఆయన కఫం డబ్బా?"

"మూత కూడా తియ్యలేదు. నెగటివ్ అనగానే నువ్వంత సంబరపడిపోతే, చెప్పడానికి నోరు రాలేదు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నీ మాట నమ్మి పాపని మళ్లీ ఆయన పక్కలోనే పడుకోబెట్టానురా!"

చంకలో పాప ఖళ్లున దగ్గింది.

అన్న గబుక్కున మాస్కు ముక్కు మీదికి లాక్కుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

చెల్లెలు అతన్ని ఎగాదిగా చూసింది.

"అయితే ఈ మూడు నెలలూ మా గడప తొక్కనిది డ్యూటీలుండి కాదన్నమాట."